బొటనవేలంత తేడా

మోటారు గదిలో మనిషి గుర్తుపట్టలేనంతగా కాలిపోయాడు. సైకిల్ మాత్రం గోడకు ఆనుకుని నిలబడే ఉంది.

జగదీశ్ గడప దగ్గర చెప్పులు విడిచి, బూడిద చెదరకుండా గోడ వారగా లోపలికి నడిచాడు. నడిచే ముందు గడియారం చూసుకున్నాడు. పదకొండూ ఇరవై. మూడింటికి శవాన్ని చేవెళ్ల దవాఖానలో ఇంటివాళ్ళకు అప్పగిస్తారు. పొద్దు వాలకముందే చితికి నిప్పు పెడతారు. నాలుగింటికి సైకిళ్ళ అంతయ్యను చేవెళ్ల కోర్టులో నిలబెట్టి, హత్యానేరం మీద జైలుకు పంపుతారు. ఈ రెండూ జరిగిపోయాక తన దగ్గర ఎంత తెలివి ఉన్నా అది తాడు తెగి బావిలో పడ్డ బొక్కెనే.

పదకొండేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, పైవాళ్ళతో పొసగక బయటికి వచ్చిన మనిషి జగదీశ్. చేవెళ్లలో జిరాక్సు దుకాణం పైన గది కిరాయికి తీసుకుని డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్నాడు. పట్నంలో సాఫ్ట్‌వేర్ కంపెనీలు లేచి ఇటు భూముల ధరలు ఎగిరినప్పటి నుంచి అతనికి పని దొరుకుతూనే ఉంది. దొంగ పట్టాలు, పెళ్ళికొడుకుల ఆరాలు. హత్య కేసు మాత్రం ఇదే మొదలు. అంతయ్య భార్య సుక్కమ్మ ఆలూరు నుంచి మొదటి బస్సుకు వచ్చి మెట్ల మీద కూర్చుంది. తన మనిషి తిట్టాడు గానీ చంపలేదని ఒక్కసారి చెప్పింది. రెండోసారి చెప్పలేదు. ఆ ఒక్కసారి చెప్పిన తీరుకే జగదీశ్ బండి తీశాడు.

తిట్టిన మాట అబద్ధం కాదు. ఆలూరు రోడ్డు పక్కన అంతయ్య రేకుల షెడ్డు ఉన్న జాగాను చేవెళ్ల కిరాణం వ్యాపారి ముకుందం సేటు పట్నం వాళ్ళకు అమ్మి, పది రోజుల్లో ఖాళీ చేయమన్నాడు. సోమవారం నాడు చేవెళ్ల మార్కెట్లో, టమాటా పెట్టెల నడుమ, పూటకు రెండు మాటలు మాట్లాడని అంతయ్య యాభై మంది ముందు ఒక మాట అన్నాడు: నీ తోటలోనే నిన్ను తగలబెడతానని. మంగళవారం సాయంత్రం కనకమామిడిలో సేటు తోటలోని మోటారు గది తగలబడింది.

మిగతాదంతా పోలీసుల కాగితం మీద ముత్యాల కోవలా ఉంది. ఆరూ పదికి మలుపు దగ్గర చాయ్ అమ్మే రాములమ్మ, సేటు తన వింత సైకిల్ మీద తోటకు పోవటం చూసింది. ఏడూ పదికి పొగ లేచింది. జనం వచ్చేసరికి గది తలుపుకు బయట గొళ్ళెం పెట్టి ఉంది. బూడిదలో పచ్చరాయి ఉంగరం దొరికింది, అది తన భర్తదేనని సేటు భార్య సుమిత్రమ్మ చెప్పింది. గడప పక్కన కిరోసిన్ డబ్బా, దాని మీద అంతయ్య తన సామానుకు వేసుకునే ఆకుపచ్చ రంగు గుర్తు. ఆ సమయంలో తాను చేవెళ్ల నుంచి ఆలూరుకు ఒంటరిగా నడిచి పోతున్నానని అంతయ్య చెప్పాడు. చూసినవాళ్ళు లేరు.

జగదీశ్ సైకిల్ ముందు గొంతుక్కూర్చున్నాడు. టైర్లు, సీటు తోలు కాలిపోయాయి. ఇనుము నల్లబడింది, వంగలేదు. పొట్టేలు కొమ్ముల్లా వెనక్కి తిరిగిన హ్యాండిల్, కిందికి దిగిన నడిమి గొట్టం. చూడగానే అంతయ్య చేతి పని అని తెలుస్తుంది. ఆయన ఒకలాంటి సైకిల్ రెండు చేయడు. అతను చూపు కిందికి దించాడు. ఎడమ పెడల్ మామూలుది. కుడి పెడల్‌కు పైనా కిందా ఇనుప పట్టీ అతికి ఉంది. బొటనవేలు ఆనించి చూశాడు. పట్టీ మందం సరిగ్గా వేలంత.

వెనక నుంచి బూట్ల చప్పుడు. మొయినాబాద్ ఇన్‌స్పెక్టర్ అరుణ్. ముప్పై దాటని మనిషి, కంప్యూటర్ చదువు చదివి పోలీసు పరీక్ష రాసి వచ్చినవాడు. పని నేర్చినవాడే గానీ, తనకు ముందే ఎవరైనా చూశారంటే ఒప్పుకోలేడు.

"డిటెక్టివ్ సాబ్, ఇది పాస్‌బుక్ కాదు తిరగేసి చూడనీకి. మర్డర్ కేసు."

"కుడి పెడల్ చూసిన్రా సార్?"

అంతయ్య సైకిల్‌లో తిన్నగా ఉన్నదేదో చూపిస్తే అదే వింత అన్నాడు అరుణ్. శనివారం వస్తే సాఫ్ట్‌వేర్ పిల్లలు ఆయన షెడ్డు ముందు వరుస కడతారట. ఒకడు వెల్లకిలా పడుకుని తొక్కే సైకిల్ చేయించుకున్నాడు, ఇంకొకడు నిచ్చెన వేసుకుని ఎక్కే సైకిల్ మీద గచ్చిబౌలి దాకా పోయాడు. సేటుకూ ఆ సోకు పట్టింది, అంతే అన్నాడు.

"సోకైతే రెండు పక్కల చేస్తరు. ఇది ఒక్క పక్కనే ఉన్నది."

"నాకు బయట గొళ్ళెం ఉన్నది. డబ్బా ఉన్నది. యాభై మంది విన్న మాట ఉన్నది. మీకేమున్నది? పెడల్."

"పెడలే ఉన్నది. మీ పంచనామాల అది లేదు."

అరుణ్ మెడ ఎర్రబడింది. మూడింటి దాకా ఏ ఇనుము కావాలంటే అది తడుముకొమ్మన్నాడు, ఆ తర్వాత తన ఫైలుకు అడ్డం వస్తే సాక్ష్యం చెరిపాడని కేసు రాస్తానన్నాడు. జగదీశ్ సరేనని, తోట కావలి మనిషి ఎక్కడని అడిగాడు. భిక్షమనే ఒంటరి మనిషట, తాడిచెట్టంత పొడుగు. ఆదివారం నాడే సెలవు తీసుకుని పరిగి వైపు అక్క దగ్గరికి పోయాడని సుమిత్రమ్మ వాంగ్మూలం ఇచ్చింది. అంతా రాసే ఉందని చెప్పి అరుణ్ జీపు ఎక్కాడు.

భిక్షం గుడిసె నిమ్మచెట్ల అవతల ఉంది. చాప, కంబళి, దీపం. ఉట్టి మీద గుడ్డలో చుట్టిన రెండు జొన్న రొట్టెలు. జగదీశ్ ఒకటి తీసి నడుమ మడిచాడు. మడత పడింది, విరగలేదు. జొన్న రొట్టె రెండో రోజుకే బిగుసుకుంటుంది, మూడో రోజుకు పెంకులా పుటుక్కుమంటుంది. ఆదివారం పోయిన మనిషి రొట్టె బుధవారం మధ్యాహ్నం మడత పడదు. కాపలాకు నిలబెట్టిన కానిస్టేబుల్ కృష్ణయ్యను పిలిచి, మడిచి చూపించి, టైము వేసి పుస్తకంలో రాసుకొమ్మన్నాడు. కృష్ణయ్య పల్లెటూరి మనిషే. రొట్టెను ఒకసారి చూసి, ఏమీ అడగకుండా రాశాడు.

పన్నెండూ ఐదుకు జగదీశ్ మొయినాబాద్ ఠాణాలో ఉన్నాడు.

అంతయ్య కటకటాల వెనక గోడకు ఆని కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి, వేళ్ళ నిండా వెల్డింగ్ మచ్చలు. వచ్చిన మనిషి ముఖం చూడలేదు. మోకాళ్ళ నుంచి మడమల దాకా చూసి, జగదీశ్ అని గుర్తుపట్టి తల ఊపాడు. డబ్బా సంగతి అడిగితే, నాలుగు రోజుల నుంచి షెడ్డులో కనబడటం లేదన్నాడు. ఎవరు వచ్చి పోయారని అడిగితే, తాను ముఖాలు చూడనన్నాడు. అది అబద్ధం కాదని జగదీశ్‌కు తెలుసు.

"అంతయ్యన్నా, సేటు కుడి పెడల్ మీద ఇనుము ఎందుకు అతికినవు?"

అంతయ్య నేల వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పకపోతే నాలుగింటికి జైలు."

"పోత."

"వదిన మెట్ల మీద కూసున్నది పొద్దటి సంది."

ఆ మాటకు ఆయన ఇటు తిరిగాడు. "నా కాడికి ఎవలొస్తరో ఎరుకేనా నీకు? చెయ్యి లేనోడు. కాలు గుంజేటోడు. నడుం వంగిన అవ్వ. మందికి చూపియ్యలేనిది నాకు చూపిస్తరు. నేను కొలుస్త. కొలిచినోడు నోరు కట్టుకోవాలె. వెల్డింగ్ నేనే నేర్చుకున్న తమ్మీ, ఉస్తాద్ నాకు నేర్పింది గదొక్కటే."

"సచ్చిపోయినోని సంగతి గూడనా?"

"సచ్చినోనికి పరువుండదా?"

ఇక ఎన్ని విధాల అడిగినా ఆయన పెదవి విప్పలేదు. అయితే జగదీశ్ ఉత్త చేతులతో బయటికి రాలేదు. చెప్పనన్నాడంటే చెప్పేది ఉంది. అది పరువు సంగతి, ఒంటి సంగతి. అంతయ్య కొలతలు నోట్లో పెట్టుకోడు సరే, ఎక్కడో పెట్టుకోవాలి కదా.

చేవెళ్లలో తన గది మెట్ల దగ్గర సుక్కమ్మను బండి మీద ఎక్కించుకుని ఒంటిగంటా పదికి ఆలూరు చేరాడు.

షెడ్డులో పని సగంలో ఆగి ఉంది. చేతులతో తిప్పే పెడళ్ళ సైకిల్ ఒకటి. విత్తనాలు జారే గొట్టం వెనక చక్రానికి కట్టిన సైకిల్ ఒకటి, ఏ రైతుదో. ముందు రెండు చక్రాల నడుమ పూలబుట్ట అమరే సైకిల్ ఒకటి. వీటి పక్కనే పట్నం పిల్లలవి, రంగురంగులవి, తొక్కటానికన్నా ఫోటోకు పనికొచ్చేవి. జగదీశ్ వాటిని చూడలేదు. వెనక గోడ చూశాడు. గోడ పొడవునా మేకులు, మేకు మేకుకూ సుతిలి దారాలు. ప్రతి జత దారాల చివరా ఏదో ఒక వస్తువు కట్టి ఉంది. ఒకదానికి కుండ పెంకు, ఒకదానికి గొర్రె ఉన్ని, మరొకదానికి ఎర్రటి ఫోను వైరు ముక్క.

ఇది కొలత గోడ అని సుక్కమ్మ చెప్పింది. మోకాలి చిప్ప దగ్గర ఒక ముడి, మడమ దగ్గర ఒక ముడి, కాలికొక దారం. పేర్లు రాయడు. మనిషి చేసే పని గుర్తుకు కడతాడు. ఎవరిది ఏదో ఆయనకూ తనకూ తప్ప మూడో మనిషికి తెలియదు. సేటు దారం ఏదని జగదీశ్ అడిగితే ఆమె గోడ దగ్గరికి పోయి, చెయ్యి ఎత్తి, ఆగిపోయింది.

"ఈ గోడ మీది దారం ఇంకొకరి చేతికిస్తే నన్ను తిడ్తడు."

జగదీశ్ ఒక అడుగు వెనక్కి జరిగాడు.

"తిట్టనీ," అని ఆమె మేకు మీది నుంచి తీసింది. "ఇంటికొచ్చి తిట్టనీ."

ఆ దారాలకు వక్క కట్టి ఉంది. కిరాణం సేటు గుర్తు. జగదీశ్ రెండింటినీ పై ముడి దగ్గర కలిపి పట్టుకుని వదిలాడు. కింది ముడులు కలవలేదు. కుడి కాలి దారం పొట్టిది. తేడా దగ్గర బొటనవేలు పెట్టాడు. వేలంత.

ముకుందం సేటు కాళ్ళలో ఒకటి పొట్టిదని చేవెళ్లలో ఎవరికీ తెలియదు. ఎప్పుడూ మందపాటి చెప్పులు. గుడికి పోతే మోకాలు నొప్పి అని బయటే నిలబడి దండం పెట్టేవాడు. పట్నం పిల్లల వింత సైకిళ్ళ సంతలో తన సైకిల్ కూడా కలిసిపోతుందని, ఎవరూ పెడల్ వైపు చూడరని, ధైర్యంగా చేయించుకున్నాడు. నిజంగానే ఎవరూ చూడలేదు.

రెండూ ముప్పైకి జగదీశ్, సుక్కమ్మ చేరేసరికి చేవెళ్ల దవాఖాన ఆవరణలో పాడె సిద్ధంగా ఉంది. సేటు బంధువులు నీడలో కూర్చున్నారు. డాక్టర్ నిర్మల తన గదిలో అప్పగింత కాగితం ముందు పెట్టుకుని ఉంది. పొద్దున శవపరీక్ష చేసింది ఆమే. తల వెనక దెబ్బ, ఆ తర్వాత మంట అని రాసింది. మనిషి ఎవరన్నది ఆమెను ఎవరూ అడగలేదు, ఉంగరం చూసి భార్య చెప్పింది కాబట్టి. జగదీశ్ రెండు దారాలు ఆమె బల్ల మీద పెట్టి, తనకు కావలసింది నాలుగు వాక్యాల్లో చెప్పాడు.

అప్పుడే జీపు వచ్చింది. కోర్టుకు తీసుకుపోయే ముందు వైద్య పరీక్ష చేయించాలి కాబట్టి అరుణ్ అంతయ్యను వెంటబెట్టుకుని వచ్చాడు. అంతయ్య చేతులకు తాడు. డాక్టర్ బల్ల మీద తన గోడ దారాలు చూడగానే ఆయన ముఖం మాడిపోయింది. అరుణ్ ముఖం ఇంకో రకంగా మాడింది.

సుతిలి ముక్క పట్టుకుని శవాన్ని ఆపుతారా అని అతను డాక్టర్‌ను అడిగాడు. బంధువులు గొడవ చేస్తారన్నాడు, పైనుంచి ఫోన్లు వస్తాయన్నాడు. నిర్మల కలం మూత పెట్టింది.

"సంతకం నాది ఇన్‌స్పెక్టర్ గారూ. అది పడేదాక ఆ శవం కదలదు. అయిదు నిమిషాల పని, చూద్దాం."

"ఈ దారం సేటుదే అని గ్యారంటీ ఏంది?" అన్నాడు అరుణ్.

"దారం మీద నమ్మకం లేకుంటే సైకిల్ ఉన్నది," అన్నాడు జగదీశ్. "దారాల తేడా ఎంతనో, పెడల్ మీద పట్టీ అంత. ఆ సైకిల్ సేటుదే అని మీ పంచనామాలనే ఉన్నది. నన్ను నమ్మకుండ్రి. మీరే పట్టుకోండ్రి."

అరుణ్ దారాలు తీసుకున్నాడు. శవాల గదిలో నిర్మల గుడ్డ తొలగించింది. మాంసం మిగల్లేదు గానీ మోకాలి కింది ఎముకలు చెదరలేదు. అరుణ్ ఎడమ కాలికి దారం పట్టాడు. ఎముక ముడి దాటి నాలుగు వేళ్ళు పోయింది. కుడి కాలికి అదే దారం పట్టాడు. అదే నాలుగు వేళ్ళు. మళ్ళీ కొలిచాడు. మూడోసారి కొలిచాడు. చచ్చినవాడి రెండు కాళ్ళూ సమానం, రెండూ సేటు కాళ్ళకన్నా పొడుగు.

అరుణ్ దారాలను జాగ్రత్తగా కవరులో వేసి, పైన టైము రాశాడు. మూడూ ఎనిమిది. జగదీశ్ వైపు చూడకుండానే అడిగాడు.

"మరి వీడెవడు?"

జగదీశ్ రొట్టె సంగతి చెప్పాడు. కృష్ణయ్య పుస్తకంలో టైముతో సహా ఉందని కూడా చెప్పాడు. పరిగికి పోయాడన్న పొడుగు మనిషి మంగళవారం సాయంత్రం దాకా తోటలోనే ఉన్నాడు. వెంటనే అడిగేవాళ్ళు లేని మనిషి. అందుకే అతన్ని ఎంచుకున్నారు. సేటు ఒకే జాగాను నలుగురికి అమ్మాడని, ఆ నలుగురూ ఈ నెలలో కోర్టుకు పోతున్నారని అరుణ్‌కు ముందే తెలుసు. చచ్చిన మనిషి మీద ఎవరూ కేసు వేయరు.

సుమిత్రమ్మను డాక్టర్ గదికి పిలిపించారు. నలభై ఐదేళ్ళ మనిషి, పొడుగ్గా, నిబ్బరంగా ఉంది. ఏడ్చిన కళ్ళు కావు. కుడిచేతిలో సెల్‌ఫోను గట్టిగా పట్టుకుని ఉంది. కూర్చోమంటే కూర్చుంది గానీ ఫోను ఒడిలో కూడా పెట్టలేదు. జగదీశ్ మొదట ఉంగరం గురించి, ఆయన ఇంట్లోంచి బయలుదేరిన సమయం గురించి అడిగాడు. అన్నింటికీ తడుముకోకుండా చెప్పింది. వల్లె వేసిన పాఠంలా ఒక్క అక్షరం అటూ ఇటూ పోలేదు.

"సేటుకు ఏ కాలు పొట్టిదమ్మా?"

ఆమె రెప్ప వేయలేదు. "రెండు కాళ్ళు సమానమే."

"పెండ్లయి ఎన్నేండ్లు?"

"ఇరవై రెండు."

అరుణ్ కవరులోంచి దారాలు పైకి తీసి చూపించాడు. వక్క ఊగుతోంది. ఆమె చూపు దాని మీద పడింది. జగదీశ్ గొంతు పెంచకుండా చెప్పుకుపోయాడు. లోపల ఉన్నది సేటు కాదని, తోట కావలి భిక్షం అని, వెనక నుంచి తల మీద కొట్టారని, అతని ఉట్టి మీద రాత్రికి దాచుకున్న రొట్టెలు ఇంకా మెత్తగా ఉన్నాయని.

"భిక్షం ఎందుకైతడు?" అంది ఆమె వెంటనే. "అది దిక్కులేని శవం. పట్నం నుంచి తెప్పిచ్చిన్రు..."

అన్న మాట వెనక్కి రాదని ఆమెకూ తెలిసింది. పమిట భుజం మీద సర్దుకుని, నిటారుగా కూర్చుంది. తనను జైలుకు తీసుకుపొమ్మంది, ఏది రాసినా వేలిముద్ర వేస్తానంది. కానీ ఆయన ఎక్కడున్నాడో మాత్రం చెప్పనంది. అరుణ్ బెదిరించాడు, బుజ్జగించాడు, గడియారం చూసుకున్నాడు. మూడూ ముప్పై ఎనిమిది. కోర్టు రెండు వీధుల అవతల ఉంది. సేటు బతికున్నాడని దారం చెబుతోంది, కానీ బతికున్న మనిషిని చూపించకపోతే జడ్జి దారాన్ని చూసి అంతయ్యను వదలడు. లోపల చచ్చినవాడు భిక్షమైనా, డబ్బా అంతయ్యదే.

జగదీశ్ కుర్చీ ఆమెకు ఎదురుగా జరుపుకున్నాడు. ఇరవై రెండేళ్ళు ఒక మనిషి కాలు ఊరి కంట పడకుండా దాచటం చిన్న పని కాదన్నాడు. అది విని ఆమె మెత్తబడింది. చిన్నప్పుడు విరిగి సరిగా అతకని కాలని, పెళ్ళిచూపుల నాడు కూడా చెప్పులు విప్పలేదని, తనకు మొదటి రాత్రి తెలిసిందని, అప్పటి నుంచి చెప్పు లోపల తోలు కుట్టింది తన చేతులేనని చెప్పింది. మూడు నెలలకు తానూ ఆయన దగ్గరికి పోతుంది. తమను ఎరగని ఊళ్ళో ఉంటారు. అక్కడ దాచేది ఏమీ ఉండదు.

"రెండు సీట్ల సైకిల్ గూడ చేయిచ్చిండు," అంది. "ముందు ఆయన, ఎనక నేను. పొద్దుగాల్ల ఇద్దరం పోదమన్నడు. మనిషిని చంపేటోడు గిసోంటియి ఆలోచిస్తడా?"

తలుపు తీసే ఉంది. వరండాలో కానిస్టేబుల్ పక్కన అంతయ్య తాడుతో నిలబడి ఉన్నాడు. సుమిత్రమ్మ అటు తిరిగింది.

"నువ్వే చెప్పు అంతయ్యా. రెండు సీట్లది చేసిచ్చినవా లేదా?"

అంతయ్య ఆమె ముఖం చూడలేదు. చీర కుచ్చెళ్ళ కింద పాదాలు చూశాడు, అక్కడి నుంచి మోకాళ్ళ ఎత్తు చూశాడు. తర్వాత కళ్ళు పక్కకు తిప్పుకున్నాడు. ఏదో ఒక మాట అనమన్నట్టు సుక్కమ్మ గోడ పక్క నుంచి ఆయన వైపే చూస్తోంది.

"చేసిచ్చిన అమ్మా. రెండు నెలలైంది. రెండు సీట్లకు రెండు కొలతలు తీసిన." గొంతు సవరించుకున్నాడు. "మీ కాలు కొలత నా కాడ లేదు. మిమ్మల్ని నేనెన్నడు కొలువలే."

వెనక సీటుకు ఎవరి కొలత తీశాడో అంతయ్య చెప్పలేదు, అడిగినా చెప్పేవాడు కాదు. అడగాల్సిన పని కూడా లేదు. సుమిత్రమ్మ తన పాదాల వైపు చూసుకుంది. తల ఎత్తేసరికి ముఖంలో ఏదో బిగుసుకుంది.

"భిక్షం నా చేతి కూడు తిన్నడు ఆరేండ్లు," అంది.

మూడూ నలభై ఎనిమిదికి ఆమె చేతిలో ఫోను మోగింది.

అరుణ్ చెయ్యి చాపాడు. జగదీశ్ ఆ చేతిని ఆపాడు. ఆమె ఫోనును నాలుగుసార్లు మోగనిచ్చి, ఊపిరి పీల్చుకుని, చెవికి ఆనించుకుంది.

"అయిపోయింది," అంది. "మంట లేసింది. అందరు ఇండ్లకు పోతున్నరు. ఆ అంతయ్యను కోర్టుకు తోలుకపోయిన్రు."

అవతలి మాట గదిలో వినపడలేదు. ఆమె మాత్రం అందరికీ వినపడేలా ఒక్కొక్క మాటా తిరిగి చెబుతూ పోయింది. మూడు నెలలు ఆగక్కర లేదంటున్నాడు. ఇయ్యాలే రమ్మంటున్నాడు. మన పక్క పల్లె ప్రొద్దుటూరు దాటాక కుడి పక్క తోట. ఆరింటికి. ఫోను ఇంట్లో పెట్టి రావాలి. ఎక్కడికి పోతున్నదీ ఎవరికీ చెప్పొద్దు. రోడ్డు మీద ఆటో దిగి ఒక్కతే నడిచి రావాలి.

జగదీశ్ ఆ మాటల్లోంచి ఆ మనిషి ఆలోచన చదువుకుంటున్నాడు. ఇక ఈ ఊళ్ళో ముకుందం బతికున్నాడని తెలిసింది ఆమె ఒక్కతికే. ఫోను లేకుండా, చెప్పకుండా, ఒంటరిగా రమ్మంటున్నాడు. అరుణ్‌కు కూడా అదే అర్థమైంది, అతని చెయ్యి నడుముకున్న తుపాకీ ఒర మీదికి పోయింది.

"వస్త," అంది సుమిత్రమ్మ. ఫోను ఆపి బల్ల మీద పెట్టింది. ఈ గదిలోకి వచ్చాక మొదటిసారి అది ఆమె చేతిని వదిలింది.

అరుణ్ వరండాలోకి పోయి కానిస్టేబుల్‌కు సైగ చేశాడు. కానిస్టేబుల్ అంతయ్య చేతుల తాడు విప్పాడు. కోర్టుకు తానే ఫోను చేసి, నేరస్థుడు మారాడని చెబుతానన్నాడు అరుణ్. జగదీశ్‌ను దాటి పోతూ ఒక క్షణం ఆగి, "జీపెక్కండ్రి," అన్నాడు. అంతకన్నా ఎక్కువ అతని నోట రాదు, జగదీశ్ ఆశించనూ లేదు.

సుక్కమ్మ భర్త మణికట్ల మీద తాడు వాతలు చూస్తోంది. ఆయన ఆమెను ఏమీ తిట్టలేదు.

సుమిత్రమ్మ లేచి నిలబడింది. ఆమె రావక్కర లేదని, దవాఖానలోనే ఒక కానిస్టేబుల్ కాపలాతో కూర్చోవచ్చని అరుణ్ చెప్పాడు. తోటలో ఎన్ని దారులున్నాయో, ఆయన దగ్గర ఏముందో తెలియదన్నాడు.

"రోడ్డు మీద నేను ఒక్కదాన్నే కనిపియ్యకపోతే ఆయన చెట్లల్ల నుంచే మళ్ళిపోతడు," అంది ఆమె. "నాకెరుక, ఇరవై రెండేండ్ల సంది చూస్తున్న. తోట ముందు నన్ను దింపుండ్రి. నేను నడుస్త. మీరు ఎనక రాండ్రి."

అని, పాడె పక్కన కూర్చున్న బంధువుల వైపు చూడకుండా, ఇన్‌స్పెక్టర్ కన్నా ముందే పోయి జీపులో కూర్చుంది. గడియారంలో మూడూ యాభై ఆరు. ప్రొద్దుటూరు దాటాక ఆ తోట ఏదో తెలిసింది ఆమెకే.